గాలిలో గట్లు: ఇంటి వైఫై అమరికల పూర్వాపరాలు

ఇళ్లలో గోడకు తగిలించి ఉండే వైఫై పెట్టెకు ఒక లోపలి పుట ఉంటుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 వంటి అంకెల చిరునామా కొట్టి, పెట్టె అడుగున అంటించిన చీటీ మీది పేరూ పాస్‌వర్డూ ఇస్తే ఆ పుట తెరుచుకుంటుంది. అందులో దేశం, చానల్, చానల్ వెడల్పు, ప్రసార శక్తి, భద్రతా పద్ధతి అనే గడులు వరుసగా ఉంటాయి. మరికాస్త లోపలికి వెళితే బీకన్ విరామం 100 అనీ, ఆర్‌టీఎస్ హద్దు 2347 అనీ, ఎవరు ఎందుకు నిర్ణయించారో చెప్పని అంకెలు కనబడతాయి. నెట్ నత్తనడక నడిచినప్పుడు తప్ప జనం ఈ పుట దాకా రారు, వచ్చినవారిలో చాలామంది ఏదీ ముట్టుకోకుండానే వెనక్కి మళ్లుతారు. ఈ గడుల్లో దాదాపు ప్రతిదీ ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయాల్లోనో రేడియో ఇంజనీర్ల సమావేశాల్లోనో తేలవలసిన వ్యవహారం. గాలిని ఎవరు ఎంత మేర వాడుకోవాలో పంచిపెట్టే అధికారంలో ఒక చిన్న ముక్క, గత నలభై ఏళ్లలో, గృహస్థుడి చేతికి వచ్చి పడింది.

వాడుకలో వైఫై పెట్టె, రౌటర్, మోడెమ్ అని కలగలిపి పిలిచే వస్తువులో నిజానికి రెండు మూడు యంత్రాలు ఒకే డొక్కలో ఇమిడి ఉంటాయి. రౌటర్ అంటే సమాచారపు పొట్లాలకు దారి చూపేది. యాక్సెస్ పాయింట్ అంటే తీగ మీద వచ్చిన సమాచారాన్ని రేడియో తరంగాలుగా గాలిలోకి ఎక్కించి, గాలిలో వచ్చినదాన్ని తీగలోకి దించే రేవు వంటిది. పైన చెప్పిన గడుల్లో ఎక్కువ భాగం ఈ రేవుకు సంబంధించినవే.

రేడియో తరంగాల వాడకం మొదటి నుంచీ అనుమతుల లోకం. భారతదేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. ప్రసారం చేయడం మాట అటుంచి, ఆకాశవాణి వార్తలు వినడానికి కూడా 1980ల మధ్యకాలం దాకా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి, లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకోవలసి వచ్చేది. ఇతర దేశాల్లోనూ పౌనఃపున్యాలను, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క ప్రకారం విడదీసిన రేడియో పట్టీలను, సైన్యానికీ నౌకలకూ విమానాలకూ ప్రసార సంస్థలకూ గట్లు వేసి పంచారు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సదస్సు అందులో కొన్ని చెక్కలను పరిశ్రమలకూ శాస్త్ర పరిశోధనకూ వైద్యానికీ వదిలిపెట్టింది. కొలిమిలా వేడి పుట్టించే యంత్రాలు, కీళ్లనొప్పులకు కాపడం పెట్టే వైద్య పరికరాలు ఎలాగూ రేడియో రొద చేస్తాయి కనుక ఆ రొద అంతా అక్కడే పడి ఉండనీ అన్నది దాని భావం. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న చెక్క అలా వదిలిన వాటిలో ఒకటి, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ అక్కడే. నీటి అణువుకు ఆ పౌనఃపున్యంతో ప్రత్యేక బంధం ఉండడం వల్ల దాన్ని ఎంచుకున్నారని తరచుగా రాస్తుంటారు గానీ అది నిజం కాదు, నీరు ఇతర పౌనఃపున్యాల్లోనూ వేడెక్కుతుంది. ఓవెన్ తిరుగుతున్నంతసేపు వంటింటి పక్క గదిలో వీడియో తడబడడానికి కారణం మాత్రం 1947 నాటి ఆ పంపకమే.

ఒకే గాలిలో పలువురు మాట్లాడడం ఎలా అన్న ప్రశ్నకు మొదటి ఆచరణీయమైన జవాబు హవాయి దీవుల నుంచి వచ్చింది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో నడిపించిన అలోహానెట్, వేరువేరు దీవుల్లోని కేంద్రాలను హోనలూలూలోని కంప్యూటర్‌తో రేడియో ద్వారా కలిపింది. ఎవరికి ఎప్పుడు చెప్పవలసి వస్తే అప్పుడు చెప్పేయడం, రెండు మాటలు గాలిలో ఢీకొని చెడిపోతే కొంతసేపు ఆగి మళ్లీ చెప్పడం అన్నదే ఆ పద్ధతి. లెక్క కట్టి చూస్తే ఆ విధానంలో గాలి సామర్థ్యంలో 18 శాతానికి మించి వినియోగం కాదని తేలింది. దానికి మెరుగుగా వచ్చిన సూత్రం ముందు విను, గాలి ఖాళీగా ఉంటేనే మాట్లాడు అన్నది. నేటి ప్రతి వైఫై పరికరమూ ఈ సూత్రం మీదే నడుస్తుంది: వింటుంది, ఖాళీ దొరికాక కూడా యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్ని మైక్రోసెకన్లు ఆగుతుంది, అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే తన పొట్లం పంపుతుంది, అవతలి వైపు నుంచి ముట్టినట్టు జవాబు రాకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. కాలువ నీటికి మేస్త్రీ లేకుండా వేసుకునే వంతుల వంటి పద్ధతి ఇది. వంతు దాటి గట్టు తెంపేవాడు ఒక్కడు ఉన్నా ఊరందరి పొలాలూ ఎండే ప్రమాదం ఇందులో మొదటి నుంచీ ఉంది.

అసలు మలుపు 1985 మే 9న వచ్చింది. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ రోజు ఆమోదించిన నిబంధన, పరిశ్రమలకు వదిలేసిన మూడు చెక్కల్లో ఒక వాట్ శక్తి దాకా లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి అనుమతినిచ్చింది. 902, 2400, 5725 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మొదలయ్యేవి ఆ మూడు. కమిషన్‌లో ఇంజనీరుగా ఉన్న మైకేల్ మార్కస్ ఈ మార్పు కోసం కొన్నేళ్లు పట్టుబట్టాడు, ఇతర వ్యవస్థలకు అంతరాయం తప్పదని పరిశ్రమలో పలువురు వ్యతిరేకించారు. నిబంధనలో రెండు షరతులున్నాయి. ప్రసారాన్ని ఒకేచోట గుచ్చినట్టు కాకుండా వెడల్పైన పట్టీ మీద పలుచగా పరచాలన్నది మొదటిది. లైసెన్సు ఉన్నవారికి ఇబ్బంది కలిగించకూడదు, తనకు కలిగే ఇబ్బంది గురించి ఫిర్యాదు చేయకూడదు అన్నది రెండోది. పరచే పద్ధతులు యుద్ధకాలపు రహస్య సమాచార విద్య నుంచి వచ్చాయి. హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంటైల్ 1942లో పౌనఃపున్యం మార్చుకుంటూ గెంతే ప్రసారానికి పేటెంట్ పొందిన మాట వాస్తవమే అయినా, వైఫైకి ఆమె తల్లి అనడం పత్రికల అతిశయం. ఇల్లిల్లూ వాడుకునే గాలిని మలచినది రెండో షరతే. ఫిర్యాదుకు చోటు లేని చోట పక్కింటివాడితో సర్దుకోవడం తప్ప దారి లేదు, ఆ సర్దుబాటుకు కావలసిన పనిముట్లే తర్వాతి కాలంలో రౌటర్ పుటలో గడులయ్యాయి.

ఆ గాలిని మొదట కోరుకున్నది ఇల్లు కాదు, దుకాణం. డబ్బు లెక్కించే గల్లాపెట్టె యంత్రాలు తయారుచేసే ఎన్‌సీఆర్ సంస్థ, దుకాణంలో గల్లాలను అటూ ఇటూ జరిపినప్పుడల్లా తీగలు మార్చే పని తప్పించుకోవాలనుకుంది. నెదర్లాండ్స్‌లోని దాని ఇంజనీర్లు తయారుచేసిన వేవ్‌ల్యాన్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. ఒకరి పరికరం మరొకరి పరికరంతో మాట్లాడకపోతే వ్యాపారం పెరగదని అదే ఏడాది ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థలో 802.11 అనే కార్యవర్గం ఏర్పడింది. ఎన్‌సీఆర్‌కు చెందిన విక్ హేస్ దానికి పదేళ్లపాటు అధ్యక్షత వహించాడు. ఏడేళ్ల వాదోపవాదాల తర్వాత 1997లో వెలువడిన ప్రమాణం ఇచ్చిన వేగం సెకనుకు 1, 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో వచ్చిన 802.11బి దాన్ని 11కు పెంచింది. ఆ ఏడాదే తయారీదారుల కూటమి ఒకటి ఏర్పడి, నోరు తిరగని ఆ అంకెల బదులు ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థ చేత వైఫై అనే పేరు పెట్టించింది. దానికి పూర్తి రూపమంటూ ఏదీ లేదు. వైర్‌లెస్ ఫిడెలిటీ అన్నది ప్రచారంలో కొన్నాళ్లు వాడి వదిలేసిన నినాదం నుంచి పుట్టిన అపోహ. 1999 జులైలో న్యూయార్క్ సభలో స్టీవ్ జాబ్స్ ఐబుక్ ల్యాప్‌టాప్‌ను చేత్తో ఎత్తి, తీగ లేదని నిరూపించడానికి దాని చుట్టూ ఒక వలయాన్ని తిప్పి చూపించాడు. ఆ రోజు విడుదలైన ఎయిర్‌పోర్ట్ పెట్టె ధర 299 డాలర్లు, ల్యాప్‌టాప్‌లో అమర్చే కార్డుది 99. దుకాణం కోసం పుట్టిన వస్తువు ఆ ధరతో ఇంటి గుమ్మం తొక్కింది.

రౌటర్ పుటలో గృహస్థులు ఎక్కువగా తికమకపడే గడి చానల్. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చెక్కలో ప్రమాణకర్తలు 5 మెగాహెర్ట్జ్‌ల ఎడంతో చానళ్లకు గుర్తులు పెట్టారు: ఒకటో చానల్ మధ్యబిందువు 2412, ఆరోది 2437, పదకొండోది 2462. ఒక్కో ప్రసారం ఆక్రమించే వెడల్పు మాత్రం తొలి పద్ధతిలో 22, తర్వాతి పద్ధతిలో 20 మెగాహెర్ట్జ్‌లు. అడుగు ఎడంగా మొక్కల గుర్తులు పెట్టి నాలుగు అడుగులు పాకే పాదులు నాటినట్టు, పక్కపక్క చానళ్లు ఒకదానిమీద ఒకటి పాకుతాయి. అప్పట్లో దేశదేశాల నిబంధనలు వేరు. తొలి ప్రమాణంలో స్పెయిన్‌కు 10, 11 చానళ్లే, ఫ్రాన్స్‌కు 10 నుంచి 13 దాకా, అమెరికాకు 1 నుంచి 11, మిగతా ఐరోపాకు 1 నుంచి 13, జపాన్‌కు విడిగా 14. అందరికీ పనికొచ్చేలా సన్నని గుర్తులు పెట్టడం రాజీ మార్గమైంది. ఒకదానితో ఒకటి తగలకుండా అమెరికా హద్దుల్లో ఇమిడేవి 1, 6, 11 మాత్రమే అన్న ఆచారం అలా స్థిరపడింది. భారతదేశంలో 13 దాకా వాడుకోవచ్చు గానీ, సెలవులకు వచ్చిన అమెరికా బంధువుల ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి 12, 13 చానళ్లలో ఉన్న ఇంటి వైఫై పేరే కనబడదు, పక్క గదిలో ఉన్నా సరే.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఒకటో చానల్లో ఇద్దరు పొరుగువారు, ఆరో చానల్లో ముగ్గురు కనబడితే, మధ్యలో ఖాళీగా ఉందని నాలుగో చానల్ ఎంచుకోవడం తెలివైన పనిగా తోస్తుంది. అది అందరికీ చేటు. ఒకే చానల్లో ఉన్న పరికరాలు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుంటాయి, కాబట్టి వంతులు పాటిస్తాయి. సగం మీదికి పాకిన చానల్లోని ప్రసారం వాటికి మాటగా కాక రొదగా వినబడుతుంది, వంతులు కుదరవు, పొట్లాలు చెడిపోతాయి, చెడినవి మళ్లీ పంపవలసి వస్తుంది. నాలుగో చానల్లో కూర్చున్నవాడు అటు ఒకటి వారినీ ఇటు ఆరు వారినీ చెడగొట్టి తానూ చెడతాడు. వెడల్పు అన్న గడికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. 2009లో ఖరారైన 802.11ఎన్, రెండు చానళ్లు కలిపి 40 మెగాహెర్ట్జ్‌ల దారి వేసుకునే వీలు కల్పించింది. మొత్తం 83 మెగాహెర్ట్జ్‌ల చెక్కలో అది దాదాపు సగం. ఈ విషయం మీద కార్యవర్గంలో గట్టి వాదన జరిగి, పొరుగున ఇతరులు వినబడితే 20కి కుదించుకోవాలన్న షరతు చేరింది. 2.4 పట్టీలో వెడల్పును 20 దగ్గరే ఉంచుకోమని తెలిసినవారు చెప్పే మాటకు మూలం అదే.

ప్రసార శక్తి గడి విషయంలో జనానికి ఉన్న నమ్మకం మరింత గట్టిది: ఎంత పెంచితే అంత మంచిదని. ఈ నమ్మకాన్ని పెంచి పోషించిన పెట్టె ఒకటి చరిత్రలో ఉంది. లింక్‌సిస్ సంస్థ 2002 చివరలో విడుదల చేసిన డబ్ల్యూఆర్‌టీ54జీ, నీలం నలుపు రంగుల్లో రెండు కొమ్ములతో, 16 మెగాబైట్ల జ్ఞాపకశక్తితో ఉండే మామూలు గృహోపకరణం. దాని లోపలి సాఫ్ట్‌వేర్ లినక్స్ ఆధారంగా తయారైందని 2003లో కొందరు ఔత్సాహికులు కనిపెట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం అటువంటి సాఫ్ట్‌వేర్‌ను పంచిపెట్టేవారు దాని మూలరూపాన్ని కూడా బయటపెట్టాలి, ఒత్తిడి మీద ఆ సంస్థ అదే ఏడాది బయటపెట్టింది. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆ మూలం నుంచే మొలకెత్తింది, పేరులోనే ఆ పెట్టె గుర్తు ఉంది. అంతదాకా తయారీదారు దాచిన గడులన్నీ ఒక్కసారిగా వాడుకరి ముందు పరుచుకున్నాయి. ఇంటి రౌటర్‌ను సవరించడం ఒక అభిరుచిగా, ఒక్కోసారి పిచ్చిగా, మొదలైనది అప్పుడే. శక్తి గడిలో తయారీదారు పెట్టిన అంకెకు మూడు నాలుగు రెట్లు కొట్టి చూసుకోవడం ఆ పిచ్చిలో భాగం. ఫలితం మాత్రం ఆశించినట్టు ఉండదు. పెట్టె గొంతు పెంచినా ఫోన్ గొంతు పెరగదు. మేడ మీది గదిలోని ఫోన్‌కు పెట్టె మాట గట్టిగా వినబడి గీతలన్నీ నిండుగా కనబడతాయి, ఫోన్ ఇచ్చే బలహీనమైన జవాబు పెట్టెకు అందదు, పొట్లం ముట్టినట్టు తెలియక పెట్టె దాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది. దేశం అనే గడి మార్చి ఎక్కువ శక్తిని రాబట్టే దారి ఇచ్చినందుకు ఒక తయారీ సంస్థ 2016లో అమెరికా కమిషన్‌కు 2 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. గృహస్థుడి చేతికి ఇచ్చిన అధికారానికి ప్రభుత్వం గీసిన గీత ఎక్కడుందో ఆ తగవులో బయటపడింది.

భద్రతా పద్ధతి గడి వేగానికి సంబంధించినది కాదని తోస్తుంది, కానీ దాని చరిత్ర వేరే మాట చెబుతుంది. 1997 ప్రమాణంతో వచ్చిన వెప్ అనే గుప్తలేఖన పద్ధతి, అమెరికా ఎగుమతి ఆంక్షల పుణ్యమా అని 40 బిట్ల చిన్న తాళంచెవితో పుట్టింది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు అందులోని మౌలిక దోషాన్ని చూపించాక అది తాళం కాదు, తలుపు మీద గీసిన తాళం బొమ్మ అని తేలిపోయింది. అప్పటికే అమ్ముడుపోయిన పెట్టెలను మార్చలేరు కనుక, వాటి పాత చిప్‌ల మీదే నడిచేలా టీకిప్ అనే అతుకు వేసి 2003లో డబ్ల్యూపీఏ పేరిట విడుదల చేశారు, సరైన మరమ్మతు 2004లో డబ్ల్యూపీఏ2తో, ఏఈఎస్ అనే గుప్తలేఖనంతో వచ్చింది. తర్వాత వచ్చిన 802.11ఎన్ ప్రమాణం తన అధిక వేగాలను టీకిప్‌తో కలిపి వాడడాన్ని నిషేధించింది. దాంతో పాత అలవాటు కొద్దీ టీకిప్ ఎంచుకున్న ఇంట్లో 300 మెగాబిట్ల పెట్టె కూడా 54 దగ్గర ఆగిపోతుంది. కారణం తెలియని గృహస్థుడు కొత్త పెట్టె కొంటాడు, దానిలోనూ అదే ఎంచుకుంటాడు.

గోడల సంగతి ఇంకా పాత సమస్య. గదిలో పంపిన తరంగం గోడకూ బీరువాకూ తగిలి ప్రతిధ్వనులుగా కాస్త ఆలస్యంగా చేరి, అసలు మాట మీద పడి అలికేస్తుంది. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థలో జాన్ ఓసల్లివన్ బృందం దీనికి చూపిన విరుగుడు, పేలిపోయే చిట్టి కృష్ణబిలాల జాడ వెతికిన రేడియో ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది. చెదిరిన సంకేతాన్ని గణితంతో పదునుపెట్టే అదే విద్యను ఇంటి లోపలి ప్రతిధ్వనుల మీద ప్రయోగించి 1996లో వారు అమెరికా పేటెంట్ పొందారు. భారత నౌకాదళంలో పనిచేసి స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ మరో అడుగు ముందుకు వేసి, పలు యాంటెన్నాలు వాడితే ఆ ప్రతిధ్వనులే వేరువేరు దారులుగా పనికొస్తాయని 1990ల తొలినాళ్లలోనే ప్రతిపాదించాడు. పెట్టెకు మూడు నాలుగు కొమ్ములు మొలవడం వెనుక ఉన్న ఆలోచన అదే.

ఎంత పదునుపెట్టినా వంతుల లెక్క మారదు, ఆ లెక్కలో అన్యాయం ఒకటి దాగి ఉందని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో చూపించారు. వైఫై ప్రతి పరికరానికీ సమానంగా ఇచ్చేది మాట్లాడే అవకాశాన్ని, సమయాన్ని కాదు. 1500 బైట్ల పొట్లాన్ని సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపేవాడికి, ముందువెనుకల లాంఛనాలు వదిలేస్తే, 222 మైక్రోసెకన్లు చాలు. 1 మెగాబిట్ వేగంతో పంపేవాడికి 12,000 కావాలి. ఇద్దరికీ చెరొక వంతు అంటే, మూలగదిలో రెండు గోడల అవతల నసుగుతూ మాట్లాడే ఒక పాత ఫోన్ ఇంటిల్లిపాదినీ తన వేగానికి దించేస్తుంది. కాలువ చివరి పొలానికి నీళ్లందక ఎండితే ఆ రైతు ఒక్కడికే నష్టం, ఇక్కడ చివరి పొలం తలకట్టు భూములను కూడా ఎండగడుతుంది. అతి తక్కువ వేగాలను మూసేసే గడి, పాత 802.11బి పరికరాలకు మద్దతు ఆపే గడి, కాలాన్ని సమంగా పంచే గడి ఈ గ్రహింపు నుంచి వచ్చినవే. బీకన్ల కథా దీనికి చుట్టమే. బీకన్ అంటే నేనున్నానని పెట్టె వేసే కేక. 100 అన్న అంకె 1024 మైక్రోసెకన్ల వింత కొలతలో కేకకూ కేకకూ మధ్య విరామం, అంటే సెకనుకు దాదాపు పది కేకలు. అందరికీ వినబడాలి కనుక ఆ కేక అతి తక్కువ వేగంలోనే సాగుతుంది. అతిథులకొక పేరు, పిల్లలకొక పేరు అని ఒకే పెట్టెలో నాలుగు నెట్‌వర్క్ పేర్లు పెట్టిన ఇంట్లో కేకలూ నాలుగింతలవుతాయి.

ఆర్‌టీఎస్ హద్దు 2347 వెనుక ఉన్నది ఔత్సాహిక రేడియో పాఠం. ఒకరి మాట ఒకరికి వినబడనంత దూరంలో ఉన్న ఇద్దరు, మధ్యలో ఉన్న మూడోవాడితో ఒకేసారి మాట్లాడబోయి ఢీకొట్టుకోవడాన్ని దాగిన కేంద్రం సమస్య అంటారు. ముందు చిన్న పొట్లంతో అనుమతి అడిగి, సరేనన్న జవాబు అందరికీ వినబడ్డాక పెద్ద పొట్లం పంపే ఉపాయాన్ని ఫిల్ కార్న్ 1990లో ఔత్సాహిక రేడియోవారి కోసం ప్రతిపాదించాడు, 802.11 దాన్ని స్వీకరించింది. ఏ పరిమాణం దాటితే అనుమతి అడగాలో చెప్పేదే ఆర్‌టీఎస్ హద్దు. ఆ ప్రమాణంలో పొట్లం గరిష్ఠ పరిమాణం 2346 బైట్లు కనుక 2347 అంటే ఎప్పుడూ అడగనక్కర్లేదని అర్థం. మూసి ఉన్న తలుపుకు అంకె రూపంలో వేసిన గడియ అది.

భారతదేశంలో ఈ గట్లు ఆలస్యంగా తెగాయి. 2005 జనవరి నాటి ప్రకటన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుంచి విముక్తం చేస్తూ ఒక వాట్ ప్రసార శక్తిని, యాంటెన్నా కేంద్రీకరించే బలం కూడా కలుపుకొని నాలుగు వాట్లను హద్దుగా పెట్టింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌లు స్వేచ్ఛగా వాడుకునే వీలు 2018 అక్టోబర్‌లో వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య తెలుగు నాట నెట్ స్వరూపమే మారింది. విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో ప్రారంభమైనప్పుడు, దాని తొలి పథకం 149 రూపాయలకు 15 మెగాబిట్ల నెట్‌తో పాటు టీవీ చానళ్లూ ఫోనూ ఇచ్చింది. ఇటువంటి కనెక్షన్లలో పెట్టె ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వైఫై శాస్త్రం కాదు, తీగ లోపలికి వచ్చిన కిటికీ, టీవీ ఉన్న గోడ, ప్లగ్గు దొరికిన మూల. ఇటుక గోడలూ సిమెంటు శ్లాబులూ ఉన్న ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ తరంగం రెండో గోడ దగ్గరే నీరసిస్తుంది, మధ్యలో ఇనప బీరువా అడ్డుంటే దాని వెనుక నీడ పడుతుంది. పెట్టెను బీరువా మీద నుంచి హాలు నడిమికి, మనిషి తల ఎత్తుకు మార్చడం ఏ గడిలోనూ లేని సవరణ, తక్కినవన్నీ దీని తర్వాతివే అనిపించేంత ఫలితం దీనిలోనే ఉంది.

5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలమైనదే గానీ అందులో పాత కాపులు ఉన్నారు. వాతావరణాన్నీ విమానాలనూ కనిపెట్టే రాడార్లు కొన్ని అక్కడే పనిచేస్తాయి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఆ భాగాలను వైఫైకి ఇస్తూ, రాడార్ ఉందేమో ముందు ఆలకించాలనీ వినబడితే తప్పుకోవాలనీ షరతు పెట్టింది. ఆ ప్రకారం పలు దేశాల్లో పెట్టె కనీసం ఒక నిమిషం మౌనంగా విన్నాకే నూరో చానల్ వంటివి మొదలుపెడుతుంది, రాడార్ జాడ తగిలితే పది సెకన్లలో ఖాళీ చేసి, అరగంట దాకా తిరిగి రాదు. ఎవరూ లేని విశాలమైన చానల్ దొరికిందని సంబరపడిన గృహస్థుడికి అప్పుడప్పుడు నెట్ హఠాత్తుగా మాయమవడం ఆ అద్దె షరతు ఫలితం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వచ్చి దశాబ్దం గడిచేసరికి సవరణల అభిరుచి పలచబడింది. చానల్ గడిలో ఆటో అన్న మాటే చాలా ఇళ్లకు సరిపోయింది, పలు పెట్టెలు కలిసి పనిచేసే మెష్ వ్యవస్థల్లో చానల్‌నూ శక్తినీ అవే మాట్లాడుకుని తేల్చుకుంటాయి, వాటి యాప్‌లలో పేరూ పాస్‌వర్డూ తప్ప గడులు కనబడడం తగ్గింది. గాలి కోసం కొత్త చెక్కలు తెరిచే పని మాత్రం ఆగలేదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా కమిషన్ 6 గిగాహెర్ట్జ్ పట్టీలో 1200 మెగాహెర్ట్జ్‌లను లైసెన్సు లేని వాడకానికి ఇచ్చింది, అందులో కింది 500 మెగాహెర్ట్జ్‌ల గురించి భారత ప్రభుత్వం 2025 మే నెలలో ముసాయిదా నిబంధనలు వెలువరించింది. ఆ పట్టీలో అప్పటికే స్తంభం నుంచి స్తంభానికి గురిపెట్టిన మైక్రోవేవ్ లింకులు నడుస్తున్నాయి కనుక, ఇంటి లోపల తక్కువ శక్తితో వాడేవారిని వదిలిపెట్టి, ఎక్కువ శక్తి కావాలనుకున్న పెట్టెలకు అమెరికా కొత్త నియమం పెట్టింది. అటువంటి పెట్టె తానున్న చోటును ఒక కేంద్ర పట్టికకు నివేదించి, ఏ చానల్లో ఎంత శక్తి వాడవచ్చో అడిగి తెలుసుకున్నాకే ప్రసారం మొదలుపెట్టాలి. 2024 ఫిబ్రవరిలో ఆ పట్టికలు వాణిజ్య స్థాయిలో పని ప్రారంభించాయి. ఒకప్పుడు రేడియో కొన్నవారు ఏడాదికి ఒకసారి తపాలా కార్యాలయానికి వెళ్లి పుస్తకం మీద ముద్ర వేయించుకుంటే, ఈ పెట్టె ఇంట్లోవారికి తెలియకుండా రోజుకొకసారి వెళ్లి అనుమతి తెచ్చుకుంటుంది.